బ్లాంకుగా స్వేదన జలం చాలదా?

ప్రశ్న: మా ఊరి బోరు నీటిలో ఇనుమును ఫినాంథ్రోలిన్ (ఇనుముతో కలిసి నారింజ ఎరుపు రంగునిచ్చే రసాయనం) పద్ధతిలో కొలుస్తున్నాను. స్వేదన జలంతో స్పెక్ట్రోమీటరును సున్నాకు తెచ్చి 510 నానోమీటర్ల దగ్గర చూస్తే కాంతి శోషణ 0.160 వచ్చింది. ఇనుము అసలు కలపని ద్రావణానికీ 0.040 చూపిస్తోంది. పరికరం చెడిపోయిందా?
– బి.ఎస్సీ. విద్యార్థిని, పరకాల

జవాబు: పరికరానికి ఏమీ కాలేదమ్మా. ఏనుమాముల మార్కెట్లో మిర్చి తూచాక గోనెసంచి బరువు తీసేస్తారు కదా. గోనెసంచికి బదులు ప్లాస్టిక్ సంచి బరువు తీసేస్తే కొనేవాడు ఒప్పుకుంటాడా? నువ్వు స్వేదన జలంతో సున్నా చేయడం అలాంటిదే. దానితో క్యూవెట్ (ద్రావణం పోసి పరికరంలో పెట్టే చిన్న పారదర్శక పాత్ర) గోడల దగ్గర, నీటిలో తగ్గే కాంతి మాత్రమే లెక్కలోంచి పోతుంది. నీ ఫ్లాస్కులో ఆమ్లం, హైడ్రాక్సిలమీన్, అసిటేట్ బఫర్, ఫినాంథ్రోలిన్ కూడా ఉన్నాయి. వాటిలో ఇనుము జాడలుంటే అవీ అదే నారింజ ఎరుపు రంగునిస్తాయి. అందుకే బోరు నీటికి బదులు అంతే స్వేదన జలం తీసుకుని, అవే సీసాల్లోంచి అవే కొలతల్లో అన్నీ పోసి, అంతే సేపు ఉంచు. అదీ బ్లాంకు, పరికరాన్ని సున్నా చేయాల్సింది దానితోనే.

0.040 ఎంతలే అనుకోకు. ఒక సెంటీమీటరు క్యూవెట్లో లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుముకు దాదాపు 0.2 వస్తుంది. అంటే నీ ద్రావణంలో 0.8 మిల్లీగ్రాములు అనుకున్నది నిజానికి 0.6. ఆ నీళ్లు తాగేది మీ ఊరివాళ్లే.

నేను హనుమకొండలో ప్రయోగశాల చూసుకున్న రోజుల్లో ఒకసారి బ్లాంకు విలువ ఎంతకూ తగ్గలేదు. ఫ్లాస్కును తెల్ల కాగితం మీద పెట్టి మెడలోంచి కిందికి చూస్తే, అడుగున పలుచని నారింజ ఛాయ! హైడ్రాక్సిలమీన్ పొడిని ఎవరో తుప్పు పట్టిన చెంచాతో తీశారు. కొత్త సీసా తెరిచాక ఛాయ పోయింది. అప్పటికి రాసుకున్న మూడు రోజుల లెక్కలూ కొట్టేశాం. అందుకే చెబుతున్నాను, బ్లాంకుతో సున్నా చేసే ముందు స్వేదన జలంతో పోల్చి దాని విలువ నోట్సులో రాసుకో. రోజూ 0.010 దగ్గర ఉండేది ఒకనాడు 0.040 అయితే ముందు సీసాలను అనుమానించు.

క్యూవెట్ ఒకటే వాడు, ఎప్పుడూ ఒకే వైపు తిప్పి పెట్టు. బోరు నీటికి సొంతంగా రంగు ఉంటే మాత్రం ఈ బ్లాంకు ఒక్కటే సరిపోదు. అదే నీటిలో ఫినాంథ్రోలిన్ తప్ప మిగతావన్నీ కలిపి ఇంకొక ఫ్లాస్కు సిద్ధం చేసి, దాని విలువనూ తీసేయాలి.