కృష్ణబిలమా, కాలరంధ్రమా?

సందేహం: ఒకచోట కృష్ణబిలం, మరొకచోట కాలరంధ్రం, ఇంకొకచోట బ్లాక్‌హోల్ అని చదువుతున్నాము. ఏది సాధువు? వాటిలోని రకాలను తెలుగులో ఏమనాలి?

సమాధానం: ముందు రంధ్రాన్ని పక్కన పెడదాము. రంధ్రమంటే చిల్లు, సూది బెజ్జమూ, వేణువు కన్నమూ రంధ్రాలే. రంధ్రాన్వేషణ అన్నప్పుడు దానికి లోపమనే అర్థమూ ఉంది. బిలంలో లోతు ఉంది, చీకటి ఉంది. కిష్కింధకాండలో సీతను వెదుకుతూ దప్పికతో అలమటించిన వానరులు ఋక్షబిలంలోకి దిగి, కన్ను కానరాని చీకటిలో ఒకరినొకరు పట్టుకొని నడుస్తారు. వారు తిరిగి వెళ్లాలన్నప్పుడు, ఇందులో ప్రవేశించినవారు ప్రాణాలతో మరలడం దుష్కరమని అక్కడి తాపసి స్వయంప్రభ చెప్పి, కళ్లు మూసుకోమని, తన తపోబలంతో వారిని వెలుపలికి చేరుస్తుంది. భౌతికశాస్త్రవేత్త జాన్ వీలర్ 1967లో ప్రచారంలోకి తెచ్చిన ఆంగ్లపదానికి, కాంతి సైతం వెనుదిరగలేని చోటును చెప్పే ఆ పదానికి, ఇంతకంటే తగిన మాట నాకు తోచదు. అయితే పోలికను తెగేదాకా లాగరాదు. ఋక్షబిలం నుంచి పక్షులు తడి రెక్కలతో బయటికి వచ్చాయి కూడా.

కాల శబ్దానికి నలుపు, సమయం, యముడు అనే అర్థాలున్నందున కాలబిలాన్ని తప్పనను. నా మొగ్గు మాత్రం కృష్ణబిలం వైపే.

ఇక రకాలు. హంస మండలంలోని సిగ్నస్ ఎక్స్-1 వంటిది, సూర్యుడికి సుమారు 21 రెట్ల ద్రవ్యరాశి గలది, నక్షత్ర కృష్ణబిలం. 2019 మే 21న అందిన గురుత్వ తరంగాలు పట్టిచ్చిన, సుమారు 142 రెట్లది, మధ్యస్థం. మన పాలపుంత నడుమ ఉన్న సాజిటేరియస్ ఎ-స్టార్ అనే కృష్ణబిలాన్ని ‘సూర్యుడికంటే 40 లక్షల రెట్లు పెద్దది’ అని రాసేస్తున్నారు. ఈ అజాగ్రత్త నాకు బాధ కలిగిస్తుంది. 40 లక్షల రెట్లన్నది ద్రవ్యరాశి. అడ్డుకొలతలో అది సూర్యుడికి 20 రెట్లయినా లేదు. పెద్ద వేరు, బరువు వేరు. 2019 ఏప్రిల్ 10న తొలి చిత్రం వెలువడిన ఎం87 అనే గెలాక్సీ నడిమి బిలం ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులంత. ఇలాంటివాటికి ‘అతిభారీ’ అనవచ్చును. హిందీ నుంచి వచ్చిన భారీ శబ్దాన్ని మనం వర్షానికీ సభకూ తగిలించి పెద్ద అనే అర్థంలోకి దించుకున్నాము గాని, దాని మూలం భారమే. భౌతికశాస్త్రంలో భారం, ద్రవ్యరాశి ఒకటి కావని ఆక్షేపించేవారు ‘బృహద్ద్రవ్యరాశి కృష్ణబిలం’ అని రాసుకోవచ్చును. నోరు తిరిగితే నాకూ అభ్యంతరం లేదు.