చంపేస్తానన్న మాటను కోపంలో అన్న మాటగా వదిలేయకండి

మీ చెల్లెలి భర్తకు వేరే సంబంధం ఉందని బయటపడింది, విడిపోతానని ఆమె అంటే ‘నిన్ను బతకనివ్వను’ అన్నాడు, పెద్దవాళ్లేమో కోపంలో అన్నాడులే అంటున్నారు అని రాశారు. మీ పక్క వీధిలో ఒక అమ్మాయి ఇలాగే చనిపోతే ఉరి వేసుకుందని చెప్పి సాయంత్రానికే దహనం చేసేశారని కూడా రాశారు. ముందే పసిగట్టే గుర్తులు ఉంటాయా అన్నది మీ ప్రశ్న.

ఉంటాయి. కోస్తా జిల్లాలో ఒక ఫ్యామిలీ కౌన్సెలింగ్ సెంటర్‌లో చాలా ఏళ్లు పనిచేసినదాన్ని. వేరే సంబంధం బయటపడి మా దగ్గరికి వచ్చిన కాపురాలు ఎన్నో చూశాను. వాటిలో చాలావరకు ఏడుపులతో, పంచాయతీలతో, మహా అయితే విడాకులతో ముగిసేవి. ప్రాణం మీదికి వచ్చేవి వేరుగా ఉంటాయి. నా అనుభవంలో ఆ తేడా సంబంధంలో లేదు, పెత్తనంలో ఉంది. మామూలుగా తప్పు దొరికిపోయినవాడు బుకాయిస్తాడు, లేదంటే కాళ్లు పట్టుకుంటాడు. ప్రమాదకరమైనవాడు ఎదురు భార్యకే రంకు అంటగడతాడు. తను ఎక్కడ తిరిగినా అడగకూడదు, ఆమె మాత్రం గడప దాటకూడదు.

ఒకామె వచ్చేది, ఇద్దరు పిల్లల తల్లి. మాట్లాడుతుండగా ఫోన్ మోగితే గబుక్కున వీడియో కాల్ ఎత్తి గదంతా తిప్పి చూపించేది. ఎవరెవరు ఉన్నారో భర్తకు కనబడాలి. అతను పక్క ఊళ్లో ఇంకో ఇల్లు నడుపుతున్నాడు, ఈమె ఏటీఎం కార్డు మాత్రం అతని జేబులోనే. ఒకరోజు వచ్చేసరికి గొంతు బొంగురుపోయి ఉంది. జలుబా అంటే తలూపింది. మంచినీళ్లు ఇస్తే ఒక్క గుక్క మింగడానికి కళ్లు గట్టిగా మూసుకుంది. తలుపు వేసి నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పింది, రాత్రి గొంతు పిసికాడని. మెడ మీద గీత కూడా లేదు. చాలామందికి మచ్చ పడదు. అయినా లోపల రక్తనాళం దెబ్బతింటే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకే వెంటనే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి మెడికో లీగల్ కేసు (పోలీసులకు తెలిపే ఆస్పత్రి రికార్డు) రాయించాం. అక్కడి నుంచి అటే వాళ్ల అన్నయ్య ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు క్షేమంగా ఉంది.

ఈ ఒక్క గుర్తు గురించి గట్టిగా చెబుతున్నాను. 2008లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, భర్త లేదా ప్రియుడు ఒకసారి గొంతు పిసికిన స్త్రీ తర్వాత అతని చేతిలోనే హతమయ్యే ప్రమాదం సుమారు 7 రెట్లు ఎక్కువ. మీ చెల్లెల్ని ఎవరూ లేనప్పుడు ఈ ప్రశ్న సూటిగా అడగండి. కొట్టాడా అని అడిగితే లేదంటారు. మెడ మీద చెయ్యి వేశాడా అని అడగాలి.

బ్రిటన్‌లో జేన్ మోన్‌క్టన్ స్మిత్ అనే నేరశాస్త్ర నిపుణురాలు 372 హత్యలను పరిశీలించి 2019లో ఒక క్రమాన్ని చెప్పారు. అందులో 8 దశలు, వాటిలో ముఖ్యమైనవి ఇవి: కట్టడి చేసే కాపురం, అది చెయ్యి జారుతోందన్న ఒక సందర్భం, బెదిరింపులు పెరగడం, తర్వాత ఆలోచన మారి పథకం వేసుకోవడం. ఆ సందర్భం ఎక్కువగా విడిపోవడమే. నేను చూసిందీ అదే. ‘క్షణికావేశం’ అని పేపర్లో రాస్తారు గానీ, వెనక్కి వెళ్లి అడిగితే నెలల ముందే నలుగురికీ చెప్పిన మాటలు దొరుకుతాయి. అరిచేవాడు హఠాత్తుగా చల్లబడి, బాగా చూసుకుంటూ, ‘చివరిసారి కూర్చుని మాట్లాడుకుందాం రా’ అంటే ఇంకా జాగ్రత్తపడాలి.

పథకం ఎలా ఉంటుందో కేరళ కేసు చూడండి. 2020 మేలో కొల్లం జిల్లా అంచల్‌లో పుట్టింట్లో నిద్రపోతున్న యువతి పాము కాటుతో చనిపోయింది. 2 నెలల ముందే అత్తారింట్లో రక్తపింజరి కరిచి ఆస్పత్రి పాలైంది. ఒకే మనిషికి రెండుసార్లా అని తల్లిదండ్రులు పట్టుబట్టారు. పాములు భర్తే తెచ్చాడని రుజువై 2021 అక్టోబరులో కోర్టు 2 యావజ్జీవ శిక్షలు వేసింది. అక్కడ మూలం కట్నం సొమ్ము, కానీ పద్ధతి ఒకటే: ముందు ఒక ‘ప్రమాదం’, తర్వాత ఇంకోటి. భార్యలు ప్రియుడితో కలిసి భర్తను చంపిన కేసులూ ఉన్నాయి, కాదనను. వాటిలో నేను గమనించింది, విడాకులంటే పరువు పోతుందన్న భయం హత్య చేస్తే పట్టుబడతామన్న భయం కంటే పెద్దదైపోవడం.

ఇప్పుడు మీరు చేయాల్సింది. స్టేషన్‌లో వేరే సంబంధం గురించే చెబితే పని జరగదు. వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 497ను 2018లో సుప్రీంకోర్టు కొట్టేశాక అది నేరం కాదు, విడాకులకు కారణం మాత్రమే. బెదిరింపు, గొంతు పిసకడం, కొట్టడం, ఇవి రాయించండి. గృహహింస చట్టం 2005 కింద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన స్త్రీలకు ప్రభుత్వం నడిపే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. ఏ రోజు బయటికి వస్తుందో అతనికి ముందుగా చెప్పకండి, రాజీ కోసమని ఒంటరిగా పంపకండి. వాయిస్ మెసేజ్‌లు ఉంటే మీకూ ఇంకొకరికీ పంపించుకోమనండి, ఫోన్ అతని చేతికి పోయినా మిగులుతాయి.

పక్క వీధి అమ్మాయి విషయం. పెళ్లైన 7 ఏళ్లలోపు స్త్రీ అనుమానాస్పదంగా చనిపోతే పోలీసులు పోస్ట్‌మార్టం చేయించాలి, మేజిస్ట్రేట్ హోదా ఉన్న అధికారి విచారణ జరపాలి. నాలుగు గోడల మధ్య జరిగిన చావుకు ఆ ఇంట్లో ఉన్న భర్త సమాధానం చెప్పుకోవాల్సిందేనని 2006లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. దహనం అయిపోయినా కేసు అయిపోదు. ఆమె చివరి వారంలో ఎవరెవరికి ఫోన్ చేసిందో, ఏం చెప్పుకుందో ఆ తల్లిదండ్రులను తేదీలతో సహా రాసుకుని, డీఎస్పీ స్థాయి అధికారికి లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోమనండి.