ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర వెలగడం లేదు

ప్రశ్న: నిరుడు విడిభాగాలన్నీ కొనుక్కొని మా తమ్ముడి సాయంతో ఇంట్లోనే డెస్క్‌టాప్ కంప్యూటరు బిగించుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, ఒక గ్రాఫిక్స్ కార్డు, 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె) ఉన్నాయి. మొన్నటి వానల్లో కొన్నాళ్లు ఇంటికి తాళం వేసి ఊరెళ్లి వచ్చాం. అప్పటి నుంచి స్విచ్ వేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి గానీ మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వస్తోంది. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్నచోట చిన్న దీపం ఆరకుండా వెలుగుతోంది. దుకాణంలో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నారు. కొత్తది కొనక తప్పదా?
– ఒక పాఠకుడు, సింగరాయకొండ, ప్రకాశం జిల్లా

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి బోర్డు పోయిందని తేల్చడానికి ఆధారం లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయంటే వాటికి 12 వోల్టుల కరెంటు అందుతోందని మాత్రమే అర్థం. స్విచ్ వేయగానే బోర్డు ముందు ప్రాసెసర్‌ను, తర్వాత ర్యామ్‌ను, ఆపైన గ్రాఫిక్స్ కార్డును, చివరికి విండోస్ ఉన్న డిస్కును పరీక్షించుకుంటుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడి దీపం వెలుగుతూ ఉండిపోతుంది. మీది ర్యామ్ దగ్గర ఆగింది కాబట్టి వెతకడం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మన నెల్లూరు, ప్రకాశం తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు గట్టిగా కురుస్తాయి. ఆ తేమకు సముద్రపు ఉప్పుగాలి తోడై మూసిన ఇంట్లో నిలిచిపోతే, ర్యామ్ అంచున బంగారు పూత ఉన్న పళ్ల మీద కంటికి ఆనని పొర పేరుకుని కనెక్షన్ సరిగా అందకుండా చేయగలదు. బాగా పనిచేస్తున్న యంత్రం కొన్నాళ్లు మూలపడి ఇలా మొరాయిస్తే నా మొదటి అనుమానం దీని మీదే.

ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీసేసి, మిగిలి ఉన్న కరెంటు పోయేలా కంప్యూటరు స్విచ్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టండి. క్యాబినెట్‌లో రంగు వేయని లోహభాగాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్‌లు రెండూ బయటికి తీయండి. పళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన, నూగు రాలని గుడ్డతో తుడవండి. మరక పోకపోతే మెత్తటి రబ్బరుతో తేలికగా రుద్ది, రాలిన పొడిని బోర్డుకు దూరంగా దులపండి. థిన్నర్ వాడకూడదు. స్లాటులోకి పిన్నీసు లాంటిదేదీ దూర్చకండి. బ్లోయర్‌తో గాలి కొడితే చాలు.

తర్వాత ఒక్క ర్యామ్‌నే పెట్టాలి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కిస్తే రెండోది, అంటే ఏ2 అని రాసి ఉన్నది, వాడాలి. రెండు చివర్లనూ సమానంగా నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. కొన్ని బోర్డుల్లో గొళ్లెం ఒకవైపే ఉండటంతో రెండోవైపు సగమే దిగి ఆగిపోవడం తరచూ జరుగుతుంది. తెర వెలగకపోతే ఆ ర్యామ్ తీసి రెండోది పెట్టండి, తర్వాత స్లాటు మార్చండి. ప్రతిసారీ ఒక్కటే మార్చి, ఫలితాన్ని కాగితం మీద రాసుకోండి. ఒక ర్యామ్ పనిచేస్తూ, రెండోది ఏ స్లాటులోనూ పనిచేయకపోతే దోషం ఆ రెండోదానిదే. విడివిడిగా పెట్టినా రెండు ర్యామ్‌లూ ఒక స్లాటులో మొండికేసి, వేరేదాంట్లో పనిచేస్తే దోషం ఆ స్లాటుది.

అప్పటికీ లాభం లేకపోతే, ప్లగ్గు తీసి ఉంచి బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని కొన్ని నిమిషాల పాటు బయట పెట్టి తిరిగి బిగించండి. దాంతో ర్యామ్ వేగానికి సంబంధించిన ఎక్స్ఎంపీ అమరికలతో సహా అన్నీ మొదటి స్థితికి వస్తాయి. కొత్త బ్యాటరీ 3 వోల్టులు చూపుతుంది. మీది బాగా తగ్గి ఉంటే మార్చేయండి. ఆ తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొంత ఆలస్యం కావచ్చు, కంగారుపడి ఆపేయకండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గ్రాఫిక్స్ కార్డు తీసేసి పరీక్షించమని చాలామంది సలహా ఇస్తారు. రైజెన్ 5 5600లో సొంత గ్రాఫిక్స్ లేవు. కార్డు తీస్తే బోర్డు ఎంత బాగున్నా తెర నల్లగానే ఉంటుంది. కార్డును ఉంచి, మానిటర్ కేబులును కార్డుకే తగిలించండి. ప్రాసెసర్ పక్కనుండే 8 పిన్నుల పవర్ ప్లగ్గు బిగువుగా ఉందో లేదో కూడా చూడండి. ప్రాసెసర్ మీది కూలర్ విప్పాల్సి వస్తే నిలువుగా లాగకండి. రెండింటి మధ్య రాసిన పేస్టు అంటుకుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడివచ్చి పిన్నులు వంగవచ్చు. అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే ఎత్తాలి. ఎస్ఎంపీఎస్ మూత మాత్రం తెరవద్దు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

తెలిసినవారి దగ్గర పనిచేస్తున్న డీడీఆర్4 ర్యామ్ ఒకటి, ఎస్ఎంపీఎస్ ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూసినా అదే దీపం వెలిగితే, అప్పుడు బోర్డును, ప్రాసెసర్‌ను అనుమానించాలి. ఏ భాగం మార్చి చూసి ఈ మాట చెప్పారని దుకాణదారుడిని నిస్సంకోచంగా అడగండి. డబ్బు మీది కాబట్టి అడిగే హక్కు మీకుంది. నిజంగా బోర్డే పోయి ఉన్నా, కొని ఏడాదే కాబట్టి బిల్లు తీసి వారంటీ గడువు చూసుకోండి. మదర్‌బోర్డులకు సాధారణంగా 3 ఏళ్లు ఇస్తారు.

ప్రశ్న: కొత్తగా ఎం.2 ఎస్ఎస్‌డీ (బోర్డు మీది స్లాటులో నేరుగా దూర్చే చిన్న డిస్కు) బిగించాను. అప్పటి నుంచి విండోస్ ఉన్న, కేబులుతో తగిలించే పాత సాటా డిస్కు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు అమరికల్లో) కనిపించడం లేదు, కంప్యూటరు బూట్ కావడం లేదు. డిస్కు పాడైందా?
– ఒక పాఠకురాలు, కావలి, నెల్లూరు జిల్లా

జవాబు: పాడై ఉండకపోవచ్చు. చాలా బోర్డుల్లో ఒక ఎం.2 స్లాటు నిండితే ఒకటి రెండు సాటా పోర్టులు వాటంతటవే పనిచేయడం మానేస్తాయి; ఏవి ఆగిపోతాయో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది. పాత డిస్కు కేబులును వేరే సాటా పోర్టుకు మార్చి చూడండి. డిస్కు కనిపించినా బూట్ కాకపోతే బయోస్‌లో బూట్ వరుసను సరిచూడండి. డిస్కును విభజించే పాత పద్ధతి ఎంబీఆర్‌లో విండోస్ ఎక్కించి ఉంటే, అలాంటి డిస్కు నుంచి బూట్ కావడానికి వీలిచ్చే సీఎస్ఎం అనే బయోస్ అమరికను ఆన్ చేయాల్సి రావచ్చు. ఈలోగా ఆ డిస్కును ఫార్మాట్ చేయమని తెర మీద ఏ సూచన వచ్చినా ఒప్పుకోకండి.