రొసెటో కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పెన్సిల్వేనియాలో ఉద్యోగం చేసుకుంటూ, దగ్గర్లోని రొసెటో ఊరి కథ, ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరి కథ, తెలుగులో రాయాలనుకున్నావు. చాలా సంతోషమమ్మా. మొదటి అధ్యాయం శ్రద్ధగా చదివాను.

నువ్వు డాక్టర్లతో మొదలుపెట్టావు. 1960లలో స్టూవర్ట్ ఉల్ఫ్ బృందం ఈ ఊరికొచ్చింది. ఊరివాళ్ళు పంది కొవ్వుతో వండుకుంటున్నా, చుట్టలు కాలుస్తున్నా, పక్కనున్న బ్యాంగర్ ఊరి కంటే రొసెటోలో గుండెపోటు చావులు తక్కువని చెప్పింది. కలిసిమెలిసి బతకడమే కారణమంది. ఆ సంగతి ఇప్పటికే చాలామంది రాశారు. అక్కడ మొదలుపెడితే ఆ మనుషులు చివరిదాకా పరిశోధనలో కేసులుగానే ఉండిపోతారు. ముందు వాళ్ళు వదిలొచ్చిన ఊరికి వెళ్ళు.

అది రొసెటో వాల్ఫోర్టోరె. దక్షిణ ఇటలీలో, ఫోజ్జా జిల్లా కొండల్లో ఉంది. రాతి క్వారీల్లో కూలి, లేదంటే మైళ్ళు నడిచి వెళ్ళి కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న చేలలో సేద్యం. 1861లో ఇటలీ ఒక్కటైంది, పేదవాడికి ఒరిగిందేమీ లేదు. 1869 నుంచి పిండి మరకు కూడా పన్ను కట్టాల్సొచ్చింది. తినే రొట్టె మీద పన్ను! 1882 జనవరిలో పదకొండు మంది న్యూయార్క్ ఓడెక్కారు. వాళ్ళకి బ్యాంగర్ పలకరాతి క్వారీల్లో పని దొరికింది. ఆ కబురు ఊరికి చేరాక ఇక వలస ఆగలేదు. 1894 ఒక్క ఏడాదే సుమారు 1,200 మంది పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టారంటే, వీధులకు వీధులే ఖాళీ అయిపోయాయంటే, అది మామూలు ప్రయాణం కాదు. నీ అధ్యాయంలో దీనికి ఒక్క పేరానే ఇచ్చావు. పది పేజీలు ఇవ్వు.

ఒక తప్పు దిద్దుకో. ఆ పదకొండు మంది ఎల్లిస్ ఐలాండ్‌లో దిగారని రాశావు. అది తెరిచింది 1892లో. 1882లో న్యూయార్క్‌కి వచ్చిన వలసవాళ్ళు దిగింది కాజిల్ గార్డెన్‌లో. అధికారులు పేర్లు మార్చేశారన్న మాటా తీసెయ్. ఓడెక్కే చోట రాసిన జాబితానే వాళ్ళు సరిచూసేవాళ్ళు.

ఆడవాళ్ళు నీ కథలో దాదాపు లేరు. మగవాళ్ళు వెళ్ళిపోయాక అక్కడ పొలం, పిల్లలు, అప్పులు చూసుకున్నది ఎవరు? అమెరికా వచ్చాక ఆడవాళ్ళ చొక్కాలు (బ్లౌజులు) తయారుచేసే మిల్లుల్లో కుట్టింది ఎవరు? వాళ్ళని వెతకడం నువ్వనుకున్నంత కష్టం కాదు. ఇటలీ రికార్డుల్లో పెళ్ళయ్యాక కూడా ఆడవాళ్ళకి పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. మన దగ్గర ఇంటిపేరు మారిపోయి ముత్తవ్వల జాడే దొరకదు కదా!

1890ల చివర్లో వచ్చిన చర్చి ఫాదర్ పాస్క్వాలె డి నిస్కో గురించి బాగా రాశావు. ఆయన జనంతో స్థలాలు కొనిపించి, తోటలు వేయించి, ఉత్సవాలు జరిపించాడు కాబట్టే 1912 నాటికి అది సొంత పాలన ఉన్న ఊరైంది. అయితే ఆ ఊరిని స్వర్గం చేయకు. తర్వాతి తరం ఆ జీవితం నుంచి దూరమయ్యాక గుండె జబ్బు చావులు బ్యాంగర్‌తో సమానమయ్యాయని, రెండు ఊళ్ళ 50 ఏళ్ళ లెక్కలు పోల్చి 1992లో అచ్చైన పరిశోధన చెప్పింది. అదీ రాయాలి.

రెండో అధ్యాయానికి ముందు ఇటలీ ప్రభుత్వ ఆర్కైవ్‌ల 'అంతెనాతి' వెబ్‌సైట్ చూడు. దక్షిణాన చాలాచోట్ల పుట్టుక, పెళ్ళి, చావు నమోదులు 1809 నుంచే మొదలయ్యాయి. ఇటాలియన్ రాదని టెన్షన్ పడకు. అచ్చు ఫారాల్లో అవే మాటలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, త్వరగానే అలవాటవుతుంది.