పాప మెడ దగ్గర గడ్డ: ముందు డాక్టరా, పాలసీయా?

ప్రశ్న: మా పాపకు మూడు వారాలు. మెడకు కుడివైపు చిన్న గడ్డ గట్టిగా చేతికి తగులుతోంది. మా వారికి నాలుగేళ్ల క్రితం లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి, చికిత్సతో తగ్గింది. నాకు నిద్ర పట్టడం లేదు. వచ్చే నెల ఆరోగ్య పాలసీ రెన్యువల్. పాప పేరు చేర్చాకే డాక్టరుకు చూపించమని, లేదంటే రికార్డుల్లోకి ఎక్కుతుందని బంధువులొకరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: రేపు పొద్దున్నే పాపను పిల్లల డాక్టరుకు చూపించండమ్మా. పాలసీ కోసం ఒక్క రోజు కూడా ఆపొద్దు.

నేను డాక్టర్ని కాను. అయినా మీ టెన్షన్ కొంత తగ్గడానికి ఒక మాట. పుట్టిన రెండు మూడు వారాలకు మెడ పక్కన తగిలే గడ్డ చాలాసార్లు అక్కడి కండరం గట్టిపడటం వల్ల వచ్చేదే, క్యాన్సర్ కాదు. అల్ట్రాసౌండ్‌లో తెలిసిపోతుంది. మెడకు చేయించే చిన్నపాటి వ్యాయామాలతో కొన్ని నెలల్లో కరిగిపోతుంది. మీ పాపది అదో కాదో డాక్టరే చూసి చెప్పాలి. క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 5 నుంచి 10 శాతం మాత్రమే.

ఇక మీ బంధువుల సలహా. నేను చూసిన ఒక క్లెయిమ్ ఫైల్ చెబుతాను. ఆ తల్లిదండ్రులు పాలసీ తీసుకున్నాకే తమ పాపను ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ డాక్టరు మామూలుగానే 'ఎప్పటి నుంచి ఉంది?' అని అడిగారు. తల్లి 'రెండు నెలల నుంచి' అంది. కేస్ షీట్ మొదటి పేజీలో అది రాసి ఉంది. బీమా కంపెనీ ఆ తేదీని పాలసీ తేదీతో పోల్చి క్లెయిమ్ తిరస్కరించింది. వాళ్లకు డబ్బూ రాలేదు, పాప చికిత్సకు రెండు నెలలు ఆలస్యమూ అయింది. ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. గడ్డ గురించి, స్కాన్‌లో ఏం తేలిందో కూడా. కంపెనీ వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు కొంతకాలం క్లెయిమ్ ఇవ్వని గడువు) పెట్టొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. అది భరించగలం. దాచిపెట్టి కట్టిన ప్రీమియం మాత్రం అవసరానికి అక్కరకు రాదు. ఇంకో సంగతి, చాలా పాలసీలు పుట్టిన బిడ్డను చేర్చడానికి ఇన్ని రోజులని గడువు పెడతాయి. రెన్యువల్ దాకా ఆగితే అది దాటిపోవచ్చు, ఈరోజే ఫోన్ చేసి కనుక్కోండి. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంటే ముందు దాన్ని చూడండి. కొన్ని గ్రూప్ పాలసీల్లో పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవర్ ఉంటుంది.

భయంతో పాపకు ఖరీదైన జన్యు పరీక్షలు చేయించొద్దు. అసలు పరీక్ష అవసరమా అని మీ వారికి చికిత్స చేసిన డాక్టరును అడగండి. అవసరమంటే సాధారణంగా ముందు చేసేది జబ్బు వచ్చిన మనిషికే. ఆయనలో ఆ జన్యు లోపం లేకపోతే పాపకు ఆ పరీక్ష ఖర్చే ఉండదు.

ఆస్పత్రి ఖర్చుల కోసం ఈ నెల కొత్త పెట్టుబడులు ఆపి, ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. పాత షేర్లు, ఫండ్లు అమ్మొద్దు, స్కాన్ ఫలితం రానివ్వండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ వారి పాత డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు తీసుకెళ్లండి. గడ్డ మొదటిసారి ఏ రోజు చేతికి తగిలిందో కాగితం మీద రాసుకోండి.