సోడా ఒక చేత, వెనిగర్ ఒక చేత

అమ్మలూ,

బాబు పాకడం మొదలుపెట్టాక ఆ ఘాటు లిక్విడ్లతో నేల తుడవాలంటే టెన్షన్‌గా ఉందన్నావు. ఇంట్లో ఉండే వాటితోనే సరిపెట్టుకునే దారి చెప్పమన్నావు. చెప్తాను గానీ, నువ్వు పంపిన ఆ వీడియో మాత్రం మర్చిపో. వంటసోడా చల్లి, దాని మీద వెనిగర్ పోసి, బుసబుసా పొంగుతుంటే మురికి పోతోందని మురిసిపోతున్నాడు పాపం. అక్కడ పోతున్నది ఆ రెండింటి సత్తా. వెనిగర్ ఆమ్లం, సోడా క్షారం. కలిశాయంటే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. పొంగేది కార్బన్ డయాక్సైడ్, మిగిలేది కాస్త లవణం కలిసిన నీళ్లు. రెండూ కలిపి సీసాలో పోసి మూత బిగించావంటే గ్యాసుకి సీసా పగిలినా పగులుతుంది.

అందుకే ఏది పట్టుకునే ముందైనా, పట్టిన మురికి ఏమిటో చూడు. తెల్లగా గట్టిపడిందా, పులుపు కావాలి. జిడ్డా, సబ్బు కావాలి, మొండిదైతే సోడా. నాకు తెలిసిన విద్యంతా దాదాపు ఇంతే.

నీ బాత్‌రూమ్ కుళాయి సంగతే తీసుకో. మూతి చుట్టూ తెల్లటి పెచ్చు కట్టిందన్నావే, అది ఎక్కువగా నీళ్లలోంచి దిగిన కాల్షియమే. సబ్బుతో ఎంత తోమినా కదలదు, పైగా ఇనుప పీచుతో గీకితే మెరుపు పోతుంది. పాత నూలుగుడ్డ ముక్కను వెనిగర్లో తడిపి, కుళాయి మూతికి చుట్టి, ఊడిపోకుండా రబ్బర్ బ్యాండ్ వెయ్యి. అరగంట ఆగి విప్పితే ఆ పెచ్చు మెత్తబడి ఉంటుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది బాగా కడిగెయ్యి. ఇంకా మిగిలితే మళ్లీ చుట్టు. అంతేగానీ రాత్రంతా వదిలెయ్యకు, పై పూత దెబ్బతింటుంది. కెటిల్ అడుగున పట్టినదానికీ ఇదే మందు. వెనిగరూ నీళ్లూ సమానంగా పోసి, మరిగించి, కాసేపు ఉంచి, పారబోసి, రెండు మూడుసార్లు కడుగు. వెనిగర్ వాసన పడకపోతే నిమ్మరసం వాడుకో. ఇత్తడి, రాగి సామాను మీద నల్లబడిన చోట కోసిన నిమ్మచెక్కను ఉప్పులో అద్ది రుద్దితే చాలు, వెంటనే కడిగి పొడిగా తుడవాలి.

పులుపు పెచ్చును ఎందుకు కరిగిస్తుందో, పాలరాతిని కూడా అందుకే తినేస్తుంది. అదీ కాల్షియమే కదా! పాలరాతి గచ్చు మీద, గట్టు మీద వెనిగర్ చుక్క కూడా పడనివ్వకు. పడిన చోట మెరుపు పోయి మచ్చ మిగులుతుంది, తర్వాత తుడిస్తే పోయేది కాదు. టైల్స్ మధ్య సిమెంటు గీతలకూ వెనిగర్ వద్దు. వాటికి సోడాలో కాసిన్ని నీళ్లు కలిపి ముద్దలా చేసి బ్రష్‌తో రుద్దు.

ఇక వంటింటి జిడ్డు. పొయ్యి వెనక గోడ మీద పసుపు రంగులో అంటుకుని ఉంటుంది చూడు, దాని మీద జనం వెనిగర్ కొట్టి కొట్టి విసిగిపోతుంటారు. వేడినీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి, గుడ్డ ముంచి పిండి, ఆ గుడ్డనే గోడకు ఐదు నిమిషాలు అంటించి ఉంచు. నాని వదులవుతుంది. అప్పటికీ మొండికేస్తే సోడా ముద్ద. అడుగంటిన గిన్నెలో నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి, పది నిమిషాలు మరిగించి, చల్లారాక చెక్క గరిటెతో గీకు, చాలావరకు ఊడొస్తుంది. అల్యూమినియం గిన్నెలకు మాత్రం సోడా వద్దు, నల్లబడతాయి. బట్టల సోడా కూడా వంటసోడా లాంటిదే అనుకునేవు, అది చాలా ఘాటు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు.

అద్దాలకు నాలుగు వంతుల నీళ్లలో ఒక వంతు వెనిగర్. ఎండ పడే వేళ తుడవకు, ఆరిపోయి చారలు కడుతుంది. టీవీ, ఫోన్ తెరలకు ఇది వాడొద్దు. సింకు దిగకపోతే సోడాతో కుస్తీ పట్టకుండా జాలీ తీసి, లోపల చిక్కుకున్న వెంట్రుకలు, మెతుకులు చేత్తో లాగెయ్యి.

నీ అసలు భయం బాబు పాకే నేల గురించి కదా. బకెట్ నీళ్లలో చెంచాడు సబ్బు, ఆ తర్వాత వట్టి నీళ్లతో ఇంకోసారి. రోజూ చేసేదానికి ఇది చాలు. బొమ్మలకూ ఇదే. మంచి వాసన కోసమని ఏవేవో నూనెలు కలపకు. వాసన వస్తే శుభ్రమైనట్టు కాదు, పైగా అవి కొందరి ఒంటికి పడవు. టీ ట్రీ ఆయిల్ లాంటివైతే పిల్లులకు విషమే.

వెనిగర్ కొన్ని క్రిములనే చంపుతుంది, అన్నింటినీ కాదు. ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అక్కడ వంటింటి వైద్యం వద్దు. ముందు సబ్బుతో కడిగి, ఆ తర్వాత బ్లీచ్ వాడు. డబ్బా మీద రాసినంత నీళ్లు కలిపి, కిటికీలు తెరిచి, బాబుని వేరే గదిలో ఉంచి. ఆ రోజు వెనిగర్, నిమ్మరసం, టాయిలెట్ క్లీనర్ ఏవీ దాని దగ్గరికి రానివ్వకు. బ్లీచ్‌కు ఆమ్లం తగిలితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. అమ్మోనియా ఉన్న క్లీనర్లతో కలిసినా ప్రమాదమే.

ఒకటి మర్చిపోయాను. వెనిగర్ నీళ్లు నింపిన స్ప్రే సీసా చూడ్డానికి మంచినీళ్ల లాగే ఉంటుంది. దాని మీద పేరు రాసి అంటించు. పాత కూల్‌డ్రింక్ సీసాల్లో ఏదీ పోసి పెట్టకు. అన్నీ పై అరలోకి ఎక్కించు, వాడు రేపోమాపో నిలబడతాడు.

మీ పిన్ని