ఆప్ ఆంప్‌లు పట్టుకుని కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ మూడో ఏడాది. బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలకు లో పవర్ ఆప్ ఆంప్‌లతో (చిన్న సిగ్నల్‌ను పెంచే, తక్కువ కరెంటు తాగే చిప్‌లు) ఫిల్టర్లు (అక్కర్లేని సిగ్నళ్లను ఆపే సర్క్యూట్లు) డిజైన్ చేస్తానంటోంది. తోటివాళ్లంతా ఏఐ కోర్సుల్లో చేరిపోయారు. ఈ పాత సబ్జెక్టుతో భవిష్యత్తు ఉంటుందా? అనలాగ్ (ఇలాంటి సర్క్యూట్ల పని), ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే పని), ఏఐ మూడూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చమన్నారు గానీ మీ బెంగ అది కాదు, అందరూ ఒక దారిన పోతుంటే మా పిల్ల ఒంటరిగా మిగిలిపోతుందేమో అని. సబ్జెక్టు పేరు మార్చి ఇదే ప్రశ్న ఏటా వస్తూనే ఉంటుంది. టెన్షన్ పడకండి, మీ అమ్మాయి ఎంచుకున్నది గట్టి దారే.

ముందు ఆ 'పాత సబ్జెక్టు' అనే మాట మానేయండి. కాలేజీ ల్యాబుల్లో కనిపించే 741 ఆప్ ఆంప్ 1968 నాటిది, నిజమే. అది ఏ పనీ చేయకుండా ఉన్నా దాదాపు 1.7 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది. ఎంసీపీ6041 లాంటి లో పవర్ ఆప్ ఆంప్ 1.4 వోల్టుల నుంచే పనిచేస్తూ 600 నానో ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది. 225 మిల్లీ ఆంపియర్ అవర్ల బటన్ సెల్ మీద లెక్కేస్తే మొదటి కరెంటుకు ఆరు రోజులు కూడా రాదు, రెండోదానికి సెల్ దానంతటదే పాడైపోయే దాకా వస్తుంది.

అయితే ఆ పొదుపు ఉచితం కాదు. ఎంసీపీ6041 బ్యాండ్‌విడ్త్, అంటే అది పనిచేయగల ఫ్రీక్వెన్సీల హద్దు, 14 కిలోహెర్ట్జే. అది కటాఫ్‌కు (ఫిల్టర్ సిగ్నల్‌ను ఆపడం మొదలుపెట్టే ఫ్రీక్వెన్సీకి) వంద రెట్లు ఉండాలన్న మోటు లెక్క ప్రకారం ఈసీజీ సిగ్నల్‌ను 40 హెర్ట్జ్ దగ్గర ఆపే ఫిల్టర్‌కు హాయిగా సరిపోతుంది, ఆడియోకు అసలు పనికిరాదు. కరెంటు తగ్గితే నాయిస్ (సిగ్నల్‌లో కలిసే అక్కర్లేని రొద) పెరుగుతుంది, ఇంకా ఆదా చేద్దామని రెసిస్టర్లను మెగా ఓమ్‌లకు పెంచితే వేడి వల్ల వాటిలో పుట్టే థర్మల్ నాయిస్ కూడా తోడవుతుంది, శాలెన్ కీ అనే రకం ఫిల్టరైతే పై ఫ్రీక్వెన్సీల్లో ఆప్ ఆంప్ చేతులెత్తేసి, ఆపాల్సిన సిగ్నలే కెపాసిటర్ గుండా అవుట్‌పుట్‌లోకి దూరుతుంది. వీటిలో దేన్ని ఎంత వదులుకోవచ్చో తేల్చగలిగే ఇంజనీర్లు దొరక్క కంపెనీలు వెతుక్కుంటాయి.

ఇక ఏఐ. లెక్కలూ ప్రోగ్రామింగూ ప్రాణంగా చేసే పిల్లలకు అది మంచి రంగమే, కాదనను. నా అనుమానమంతా కొన్ని నెలల్లో రెడీమేడ్ మోడల్ నడిపించి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సుల మీద. ఇంటర్వ్యూలో "ఈ మోడల్ ఇక్కడ ఎందుకు తప్పింది?" అని అడిగితే నోరు పెగలదు, పక్కన కూర్చున్న వాళ్లందరి దగ్గరా అదే సర్టిఫికెట్. పైగా చేతికి కట్టుకునే పరికరంలో ఏఐకి డేటా ఎక్కడినుంచి వస్తుంది? ఏడీసీ (సిగ్నల్‌ను అంకెలుగా మార్చే చిప్) ముందు సరైన ఫిల్టర్ లేక ఏలియాసింగ్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ తక్కువ ఫ్రీక్వెన్సీదిగా కనిపించడం) జరిగిపోతే, కలిసిపోయిన ఆ సిగ్నళ్లను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ నమ్మకంగా విడదీయలేదు. ఏఐ పెరిగితే మీ అమ్మాయి పని తగ్గదండీ.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ప్రశ్నలో తోటివాళ్లు ఏం చేస్తున్నారో ఉంది, మీ అమ్మాయి ఇప్పటిదాకా ఏ సర్క్యూట్ కట్టిందో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? ఇష్టంగా చదువుకునే పిల్ల మీద రోజూ పక్కింటి పిల్లల పేర్లు చెప్పి నీళ్లు చల్లడం పెంపకం కాదు.

పోలిక క్లుప్తంగా: ఫ్రెషర్లకు ఎంబెడెడ్‌లో అవకాశాలు ఎక్కువ. అనలాగ్ చిప్ డిజైన్‌కు చాలాచోట్ల ఎంటెక్ అడుగుతారు. అందుకే బోర్డు స్థాయి అనలాగ్‌తో (రెడీమేడ్ చిప్‌లతో సర్క్యూట్ కట్టడం) పాటు సీ భాష, ఒక మైక్రోకంట్రోలర్ (పరికరాన్ని నడిపే చిన్న కంప్యూటర్ చిప్) గట్టిగా నేర్చుకోమనండి, అప్పుడు రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఈ సెలవుల్లో బటన్ సెల్‌తో నడిచే పల్స్ సెన్సర్ ఒకటి కట్టమనండి. సర్క్యూట్‌ను కంప్యూటర్‌లో నడిపి చూసే ఎల్‌టీస్పైస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. సిమ్యులేషన్‌లో వచ్చిన కరెంటు, కటాఫ్ ఒక పక్క, బోర్డు మీద కొలిచినవి ఇంకో పక్క రాసి, తేడా ఎందుకొచ్చిందో రెండు పేజీల్లో వివరిస్తే, ఇంటర్వ్యూకు ఆ రెండు పేజీలూ పట్టుకెళ్లొచ్చు.